చీల ఇంట్లో, మగ్గం ఆఫీసులో

వెంకటేశులు మామ పేరెత్తితే నాకు ముందు కోపం వస్తుంది. ఏళ్ళ తరబడి నా ఆఫీసు బల్ల కిర్రుమంటుంటే, "అదట్లే ఉండాల పాపా, ఊరుకో" అని చెప్పి చక్కా వెళ్ళిపోయిన మనిషి ఆయన. ఏటా ఎండలు ముదరగానే వచ్చి, బల్లలన్నిటికీ కానుగ నూనె పట్టించి, మా అందరిచేతా ముక్కులు మూయించిన మనిషి. అదేమని అడిగితే జవాబు చెప్పడు. చెప్పినా సగమే చెబుతాడు. మిగతా సగం తెలియడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది.

ధర్మవరంలో ఆయన్ని మగ్గాల వెంకటేశులు అంటారు. మగ్గాలు నేసేవాడు కాదు, చేసేవాడు. వాళ్ళ నాయన కర్ణాటక సరిహద్దున ఉన్న గుమ్మఘట్ట వైపు నుంచి వచ్చిన వడ్ల ఆయన, అంటే వడ్రంగి. అందుకే మామకు కోపమొస్తే కన్నడంలో తిడతాడు, మనకు సగమే అర్థమవుతుంది. మా వీధిలో గుంట మగ్గాలన్నీ ఆయన చేతి మీదుగా లేచినవే. మేకు కొట్టడు, జిగురు పుయ్యడు. కర్రకు తొర్ర పెట్టి, ఇంకో కర్ర దూర్చి, చీల దిగ్గొడతాడు. చీల అంటే చేతి వేలంత కర్ర ముక్క. అది తీస్తే మగ్గం విడిపోతుంది, కొడితే బిగుస్తుంది. ఇల్లు మారినా, అన్నదమ్ములు వేరుపడినా మగ్గాన్ని విప్పి తీసుకుపోవాలి కదా, అందుకని అట్లా చేస్తారు.

తొంభైల చివరికొచ్చేసరికి కొత్త మగ్గం కావాలని అడిగేవాళ్ళు లేకుండా పోయారు. కరెంటు మగ్గాలు వచ్చిపడ్డాయి. పట్టు ధర ఆకాశంలో, కూలి పాతాళంలో. చాలా ఇళ్ళలో మగ్గం విప్పేసి, గుంట పూడ్చి, ఆ గదిని బాడుగకిచ్చారు. విప్పిన కర్రలు ఎక్కడికి పోయేవో చెబితే మీకు ఒళ్ళు మండుతుంది. పట్టుకు రంగులు వేసే ఇళ్ళున్నాయే, అక్కడ పెద్ద పెద్ద పొయ్యిలుంటాయి. వాటి కిందికి పోయేవి. పట్టు నేసిన కర్రను కాల్చి పట్టుకు రంగు ఉడికించేవాళ్ళు.

మా అమ్మ లక్ష్మీనరసమ్మ మగ్గానికి కూడా ఆ గతే పట్టాల్సింది. నాయన పోయాక మా ఇల్లు నడిచింది ఆ మగ్గం మీదే, నేను డిగ్రీ చదివింది కూడా. అమ్మ కళ్ళలో పొర పెరిగింది. ఎరుపు పోగుకూ వక్కరంగు పోగుకూ తేడా తెలియక ఒక చీర అంచు పాడుచేసింది. షావుకారు దాన్ని ముఖాన కొట్టినంత పని చేశాడు. ఆపరేషన్ చేయించుకోమంటే వినదు. మా పెద్దమ్మకు ఎప్పుడో ఆపరేషన్ చేయిస్తే ఉన్న చూపు కూడా పోయింది, ఆ భయం అమ్మకు ఎముకల్లో దిగిపోయింది. "ఉన్న మసకతో సర్దుకుంటాలేవే" అనేది. సర్దుకోవడం అంటే మగ్గం అమ్ముకోవడం అని తర్వాత తెలిసింది.

రంగులవాళ్ళ బండి రావాల్సిన రోజు పొద్దున్నే వెంకటేశులు మామ ఊడిపడ్డాడు.

"ఏమక్కా, రంగులోళ్ళకు ఇస్తాండావంటనే?"

"ఇంగేం చేసేదప్పా? పోగు తెగితే చేత్తో తడుముకొని ఎతుక్కుంటాండా. అది అట్ల నిలబడి నన్ను చూస్తాంటే నాకు అన్నం దిగల్యా."

"నాకియ్యి. పొయ్యిలోకి మాత్రం పోనీను."

"నువ్వేం చేసుకుంటావు?"

"ఏదో ఒకటి చేస్తా. కానీ ఒక్క కర్ర కూడా కొయ్యనక్కా. నీకు మళ్ళా కావాలంటే ఇదే మగ్గం తెచ్చి, ఈడనే నిలబెడతా."

అమ్మ నవ్వింది. "గుడ్డిదానికి మగ్గమేందప్పా!"

ఆయన నవ్వలేదు. మగ్గానికి పసుపు కుంకుమ పెట్టించి, టెంకాయ కొట్టించి, మొదటి చీల ఊడదీసి అమ్మ చేతిలో పెట్టాడు. "ఇది నీ దగ్గర పెట్టుకో. ఇది ఎత్తుకొనొస్తే నీ మగ్గం నీకిస్తా. నేనుండేంతవరకూ ఈ మాట పోదు."

నాకు ఒళ్ళు మండింది. "ఊరికే ఆశ పెట్టొద్దు మామా" అన్నాను. ఆయన నా మాట చెవిన వేసుకోలేదు. అమ్మ ఆ చీలను దేవుని గూట్లో కుంకుమ భరిణె పక్కన పెట్టుకుంది. ఆయన మా ఇంట్లోనే కాదు, విప్పిన ప్రతి ఇంట్లోనూ ఒక చీల ఇచ్చి వచ్చేవాడట. వాళ్ళ షెడ్డు నిండా మగ్గాలు పడి ఉంటే, మంచం వేసుకోను చోటు లేదని ఆయన భార్య ఓబమ్మత్త రోజూ గొడవ పెట్టుకునేది.

అప్పటికి నేను ఊళ్ళోనే ఒక స్వచ్ఛంద సంస్థలో పనిచేస్తున్నాను. పల్లెల్లో వాన నీళ్ళు నిలబెట్టడం, గుట్టల మీద చెట్లు పెంచడం మా పని. దాన్ని నడిపించే శ్రీకాంత్ సార్‌ది గోరంట్ల దగ్గర పెద్ద రైతు కుటుంబం. సొంత కట్టడం లేస్తోంది, దానికి బల్లలు కావాలి. బెంగళూరు అంగడి నుంచి రంగుల పుస్తకం తెప్పించి, నున్నటి ప్లైవుడ్ బల్లలు ఎంచి పెట్టారు. అంతలో యాడికి అనే ఊరి దగ్గరి పల్లె నుంచి హనుమంతమ్మ అనే ఆమె ఏదో కట్ట పని మీద వచ్చింది. సార్ ముందున్న పాత టేకు బల్ల మీద అరచేత్తో ఒకటి చరిచింది.

"ఏమప్పా శ్రీకాంతూ, మా గుట్ట మీద కట్టె కొడితే పాపమంటివి. నువ్వు ఆనుకున్న ఈ బల్ల ఏమన్నా చేన్లో పండిందా?"

అందరం పగలబడి నవ్వాం. సార్ కూడా నవ్వాడు. మర్నాడు మాత్రం నవ్వులేని ముఖంతో వచ్చి, బెంగళూరు పుస్తకం పక్కన పడేశాడు. "కొత్త చెట్టు కొట్టకుండా, జిగురు లేకుండా, పాలిష్ లేకుండా బల్ల చేసేవాళ్ళు ఎవరైనా ఉన్నారా? విరిగితే పారేసేది కాదు, విప్పి బాగుచేసుకునేది కావాలి. దూరం నుంచి లారీలో ఏదీ రాకూడదు" అన్నాడు. నా నోరు ఊరుకోదు కదా, వెంకటేశులు మామ పేరు చెప్పేశాను.

మామ వచ్చి అంతా విని, "మేము మగ్గం చేసేదే అట్ల గదప్పా" అన్నాడు.

ఇద్దరూ కలిసి కొన్ని వారాలు తలలు బద్దలు కొట్టుకున్నారు. సార్ కాగితం మీద గీస్తాడు, మామ అదే బొమ్మను నేల మీద సుద్దతో పెద్దగా గీసి, దాని చుట్టూ నడిచి చూస్తాడు. బల్ల పైభాగానికి ఏం పెట్టాలో తోచలేదు. మగ్గంలో అంత వెడల్పు పలక ఉండదు. ఆ ఆలోచన సార్‌దే. తాడిపత్రి బండలు పాలిష్ చేసే ఫ్యాక్టరీల వెనక, అంచు విరిగిన బండలు గుట్టలుగా పోసి ఉంటాయి, ఎవరికీ అక్కర్లేదు. అవి తెప్పించి పైన పరిచారు. చల్లగా, నల్లగా, చూడముచ్చటగా వచ్చింది. కానీ ఆ బరువుకు కాళ్ళు పక్కలకు జరగసాగాయి. అప్పుడు మామ దోనెను తెచ్చి కింద అడ్డంగా బిగించాడు. దోనె అంటే నేసిన చీర చుట్టుకునే లావు కర్ర. అది పడ్డాక బల్ల ఏనుగెక్కినా కదలదు.

కోయనన్నాడు కాబట్టి దోనె ఎంత పొడవో బల్లా అంత పొడవే. ఇద్దరికి ఒక బల్ల వచ్చింది. కుర్చీలు పాతవే, నవారు మార్చి ఇచ్చాడు.

పని ఒప్పుకునే ముందు మామ ఒక షరతు పెట్టాడు. "ఏ ఇంటోళ్ళన్నా చీల ఎత్తుకొనొస్తే ఆ బల్ల విప్పుకొని పోతా సార్. అడ్డం చెప్పగూడదు. ఇంగో మగ్గంతో ఇంగో బల్ల చేసిస్తా."

సార్ నవ్వి సరేనన్నాడు. విప్పేసిన మగ్గం కోసం ఎవరొస్తారులే అనుకున్నాడు. నిజం చెప్పాలంటే అందరమూ అదే అనుకున్నాం.

కొత్త ఆఫీసులో చేరిన రోజు నాకూ పద్మప్రియకూ కలిపి ఒక బల్ల వచ్చింది. పద్మప్రియ టైపు చేసే పిల్ల, మా వీధి పిల్లే. బల్ల పొడవు చూసి, "ఏంది అరుణక్కా, ఈడ పంక్తి భోజనాలు పెడతారా?" అంది. కూర్చున్నాను. బండ మీద మోచేతులు పెడితే మే నెల ఎండలో ప్రాణం లేచొచ్చింది. కాళ్ళు చాపితే సరిగ్గా దోనె మీద ఆనాయి. ఆహా, ఇదిరా సుఖం అనుకున్నాను.

పెన్ను మూత కింద పడింది. తీసుకుందామని వంగాను. దోనె మీద, నా పాదాల మధ్య, వేలి కొనంత నల్లటి కాలిన మచ్చ. చిన్నప్పుడు ఒక దసరాకు మగ్గం పూజలో నేను ఊదుబత్తి దోనె సందులో గుచ్చితే అది కాలింది, అమ్మ నా వీపు విమానం మోత మోగించింది. అదే మచ్చ. మా అమ్మ మగ్గం. దాని మీద నా కాళ్ళు!

గభాల్న కాళ్ళు పైకి లాక్కున్నాను. వంగి దోనెను తాకి కళ్ళకద్దుకున్నాను. ఏడుపొచ్చింది, దాచుకోలేదు. పద్మప్రియ కిందికి చూసి, "అయ్యో, ఇది దోనా!" అని తనూ కాళ్ళు మడిచింది. పక్క బల్లవాళ్ళు వంగి చూశారు. మా ఆఫీసులో సగానికి పైగా నేత ఇళ్ళవాళ్ళమే. ఏటా పసుపు రాసి మొక్కిన కర్రను ఎవరు తొక్కుతారు? మధ్యాహ్నానికల్లా అందరం కుర్చీల్లో బాసింపట్టు వేసుకొని కూర్చున్నాం. అకౌంట్లు చూసే రాఘవేంద్ర మోకాలు బండకు కొట్టుకొని, లెక్క తప్పిందని అరిచాడు.

ఇంత తెలిసిన మామ ఈ పొరపాటు ఎట్లా చేశాడని మీరడగొచ్చు. నేనూ అడిగాను, అడగడం కాదు, కడిగేశాను. ఆయన బిత్తరపోయాడు. వడ్రంగి కర్రను కాళ్ళతో అదిమి పట్టుకోకపోతే ఉలి ఆడదు. పొద్దున లేస్తే ఆయన పాదాలు కర్ర మీదే ఉంటాయి. ఆయనకు కర్ర మీద కాలంటే పని. మాకు అపచారం.

"చీల తీసినంక అది మగ్గం కాదు పాపా, కర్రే" అన్నాడు.

"మరి మళ్ళా నిలబెడతానంటివే! మగ్గమైతేనే గదా నిలబెట్టేది?"

ఆయన సుత్తి సంచి భుజాన వేసుకొని వెళ్ళిపోయాడు.

శ్రీకాంత్ సార్ కొన్నాళ్ళు ఓపిక పట్టాడు. మోకాళ్ళ నొప్పులని సెలవు చీటీలు రావడం మొదలయ్యాక మామను పిలిపించాడు. "దోనెను మధ్యకు కోసి రెండు పక్కలా బిగించండి. కాళ్ళు తగలవు, బల్లా నిలబడుతుంది" అన్నాడు. మంచి ఉపాయమే, తప్పు పట్టడానికి లేదు.

"కొయ్యను సార్."

"ఎందుకు?"

"మాటిచ్చినా. కోసినంక అది ఇంగ మగ్గం కాదు."

"వీళ్ళు ఎన్నాళ్ళు ఇట్లా కూర్చుంటారు? సోమవారం దాకా చూస్తాను. తర్వాత బల్లలు మీకే పంపించేస్తాను, నాకు వేరే దారి లేదు" అన్నాడు సార్. కోపంగా అనలేదు, బాధగానే అన్నాడు.

ఆ సాయంత్రం ఓబమ్మత్త మా ఇంటికొచ్చి కొంగుతో ముక్కు తుడుచుకుంది. "బల్లలు తిరిగొస్తే యాడ పెట్టేది? రంగులోళ్ళు దినామూ అడగతాండారు. ఈయప్ప తిండి తినల్యా, షెడ్డులో కూర్చొని ఆ కర్రలనే చూస్తాండాడు." దోనెలు మాత్రం కోస్తే మగ్గాలన్నీ పొయ్యి తప్పించుకుంటాయి. కోయకపోతే అన్నీ పొయ్యిలోకే. ఆ ముసలాయన కోయనంటున్నాడు. నాకు ఆయన మీద కోపం, సార్ మీద కోపం, అసలు వంగి ఆ మచ్చ చూసిన నా మీద ఇంకా కోపం.

అమ్మ అంతా విని, "నన్ను మీ ఆఫీసుకు పిలుచుకొని పో" అంది.

నా భుజం మీద చెయ్యి వేసుకొని వచ్చింది. మామను కూడా పిలిపించాం. అమ్మ బల్లను తడమసాగింది. బండ, గుంజ, అడ్డకర్ర, ఒక్కోటీ తడిమి, కింద కూలబడి దోనె మీద చేతులు నడిపించింది. మచ్చ దగ్గర వేలు ఆగింది. "ఇది నువ్వు కాల్చిందే గదే దొంగదానా" అని నవ్వింది. ఆఫీసంతా చుట్టూ మూగి ఉన్నాం.

"తప్పయిందక్కా" అన్నాడు మామ.

"ఏం తప్పప్పా? ఇన్నేండ్లు నేను మగ్గానికి కాలు తగలకుండా నేసినానా? గుంటలో కాళ్ళు పెట్టుకొని నేను తొక్కింది ఏంది?"

మామ నోరు తెరిచాడు.

"తొక్కుడు పలకలు యాడ?"

"అరిగిపోయినాయని షెడ్డులో మూలకేసినా."

"తీసుకొచ్చి దీని ముందర పెట్టు. కాలు ఉండాల్సిన చోట కాలుంటే మగ్గానికి కోపమేముండాది?"

మామ చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తాడు. ఆ వయసులో ఆ పరుగు చూసి పద్మప్రియ కిసుక్కున నవ్వింది, నేను దాని తొడ గిల్లాను. రెండు తొక్కుడు పలకలు తెచ్చి, దోనెకు ముందు వైపు కొంచెం ఏటవాలుగా కర్రపుల్లల మీద ఆనించాడు. ఇప్పుడు కాళ్ళు చాపితే పలక మీద ఆనుతాయి, దోనె జోలికి పోవు. దేన్నీ కోసే పని లేదు.

"కూర్చో" అంది అమ్మ నాతో. కూర్చొని కాళ్ళు పెట్టాను. పలకల్లో రెండు గుంటలు పడి ఉన్నాయి, అమ్మ మడమలు అరగదీసిన గుంటలు. నా మడమలు అందులో దిగాయి. ఆమె పాదం నాకంటే పెద్దది, ఇంకా చోటు మిగిలింది.

సోమవారం నాటికి బల్లలన్నిటికీ తొక్కుడు పలకలు వచ్చేశాయి. బల్లలు వెనక్కి పోలేదు. తర్వాత రెండు మూడు ఆఫీసులవాళ్ళు వచ్చి చూసి, తమకూ కావాలన్నారు. ఓబమ్మత్తకు మంచం వేసుకోవడానికి చోటు దొరికింది. ఢిల్లీ నుంచి, ఎక్కడెక్కడి నుంచో మనుషులు వచ్చి మా బల్లల కింద దూరి ఫోటోలు తీసుకునేవాళ్ళు. అందరికీ నా బల్లే కావాలి, కాలిన మచ్చ ఉంది కదా.

ఏటా ఎండలు ముదిరితే కర్ర ఎండి చీలలు వదులవుతాయి. మామ కొయ్యసుత్తితో వచ్చి అన్నీ బిగించేవాడు, పురుగు పట్టకుండా కానుగ నూనె పట్టించేవాడు, పనిలో పనిగా దోనెను ఊడదీసి అరచుట్టు తిప్పి మళ్ళీ పెట్టేవాడు. ఎందుకు మామా అంటే, "దానికీ ఒకే పక్క పండుకుంటే నడుము నొప్పి పుట్టదా" అనేవాడు. ముసలాయన చాదస్తం అనుకునేవాళ్ళం. ప్రతి బల్లకూ ఒక మూల, నా బల్లకైతే ఎడమ మూల, సరైన చీల పెట్టకుండా, వెదురు పుల్ల ఒకటి దూర్చి వదిలేసేవాడు. రాసేటప్పుడల్లా కిర్రు. చెవి కోసుకుందామనిపించేది.

అమ్మ చూపు మాత్రం రోజురోజుకూ దిగజారింది. చివరికి పళ్ళెం పక్కన నేల మీద అన్నం వడ్డించే దాకా వచ్చింది. నేను బతిమాలాను, తిట్టాను, అలిగాను. వినలేదు. విన్నది హనుమంతమ్మ మాట. ఆమెకు రెండు కళ్ళకూ ఆపరేషన్ అయింది. ఆఫీసుకొచ్చి, సూది ఇమ్మని దారం ఎక్కించి చూపించి గొప్పలు పోతుంటే, ఆమెను చెయ్యి పట్టుకొని మా ఇంటికి లాక్కుపోయాను. అమ్మ ముందు కూడా దారం ఎక్కించింది. "భయమెందుకక్కా? కత్తి కూడా కనపడదు. కనపడితే గదా భయపడేది!" అంది. అమ్మ నవ్వి ఒప్పుకుంది.

కట్టు విప్పాక అమ్మ మొదట చూసింది నన్ను. "ఏమే, నీకు తల నెరిసిందే!" అంది. అక్కడే ఏడ్చాను, నర్సులు చూస్తుండగానే.

ఇంటికొచ్చాక కొన్నాళ్ళు అన్నీ చూసుకుంది. గోడలు, గిన్నెలు, పక్కింటి పిల్లలు. పూడ్చిన గుంట మీద వేసిన చాపను చాలాసేపు చూసేది. ఒక ఉదయం నేను ఆఫీసుకు బయల్దేరగానే, దేవుని గూట్లోంచి చీల తీసి కొంగున ముడేసుకొని, ఒంటరిగా వెంకటేశులు మామ ఇంటికి నడిచిపోయింది. ఆ చీల ఆయన చేతికిచ్చిందట. ఆయన దాన్ని ఓబమ్మత్తకు చూపించి, మళ్ళీ అమ్మకే ఇచ్చి, సుత్తి తీసుకొని బయల్దేరాడట. తర్వాత ఓబమ్మత్త చెప్పింది.

నేను బల్ల మీద ఏదో రాస్తున్నాను. ఎదురుగా ఆయన.

"లెయ్ పాపా. బల్ల పోతాండాది."

శ్రీకాంత్ సార్ గదిలోంచి వచ్చాడు. ఎల్లుండి ఢిల్లీవాళ్ళు వస్తున్నారు, ఈ బల్లను చూడటానికే వస్తున్నారు. "మామా, ఒక్క వారం ఆగితే..." అన్నాడు.

"ఆయమ్మ ఇన్నేండ్లు మసకలో కూర్చునింది సార్. ఇంగో వారం కూర్చోమని నేను చెప్పలేను. నువ్వే పోయి చెప్పు."

సార్ చొక్కా చేతులు పైకి మడిచి, బండ ఒక కొస పట్టుకున్నాడు. రాఘవేంద్ర రెండో కొస పట్టుకున్నాడు. బండ దిగింది. చీలలు ఒక్కొక్కటే ఊడాయి. తెల్లారి లేస్తే నేను ఆనుకునే బల్ల కాస్తా, చూస్తుండగానే కర్రల కట్ట అయింది. మేకు రంధ్రం ఒక్కటి లేదు, కోత ఒక్కటి లేదు.

దోనెను మాత్రం మామ వెంటనే ఎత్తలేదు. జేబులోంచి నూలు పోగు తీసి, ఒక చివర నన్ను పట్టుకోమని, రెండో చివర తను పట్టుకొని, దోనె పొడవునా బిగించి లాగాడు. అంత బరువు బండను ఏళ్ళ పాటు మోసిన గుంజలను పట్టి ఉంచిన కర్ర అది. దోనె కొంచెం వంగినా చీర సరిగా చుట్టుకోదు, మగ్గం పనికిరాదు. ఇచ్చిన మాట అక్కడ తేలిపోతుంది. పోగు కర్రకు అంటుకొని ఉంది. దోనెను తిప్పి తిప్పి చూశాడు. ఎక్కడా సందు లేదు. "ఉండాది పాపా, వంకర లేకుండా నెట్టగా ఉండాది" అని అక్కడే చతికిలబడ్డాడు. ఏటా దాన్ని ఎందుకు తిప్పి పెట్టేవాడో నాకప్పుడు తలకెక్కింది.

ఢిల్లీవాళ్ళు వచ్చేసరికి నేను చాప మీద కూర్చొని, బండను రెండు ఇటుకల మీద పెట్టుకొని రాసుకుంటున్నాను. బల్ల ఏదని అడిగారు. శ్రీకాంత్ సార్ సిగ్గుపడకుండా, సాకులు చెప్పకుండా, "అది ఇంటికి పోయింది. చూడాలంటే అక్కడికే పోదాం రండి" అన్నాడు.

మేం వెళ్ళేసరికి గుంట మళ్ళీ తవ్వి ఉంది. మగ్గం నిలబడి ఉంది. ఒక్క మూల మాత్రం ఆ వెదురు పుల్ల దూర్చి ఉంది. మామ దాన్ని లాగి పారేసి, "ఇయ్యక్కా" అన్నాడు. అమ్మ కొంగు ముడి విప్పి చీల తీసింది. సుత్తి కూడా ఆమెకే ఇచ్చాడు. "నువ్వే కొట్టు. నీది."

అమ్మ కొట్టింది. చీల దిగింది. మామ గుంజను పట్టుకొని గట్టిగా ఊపాడు. కిర్రుమనలేదు.

"నీ బల్ల అన్నేండ్లు ఎందుకు కిర్రుమనిందో తెలిసిందా పాపా? దాని చీల మీ దేవుని గూట్లో ఉండె."

"కొత్త చీల చెక్కడానికి నీకు ఎంతసేపు మామా?" అన్నాను. "ఎన్నిసార్లు అడిగినా వెదురు పుల్లతోనే సరిపెట్టావు కదా!"

ఆయన తల తువ్వాలు తీసి కళ్ళు ఒత్తుకున్నాడు. "కొత్త చీల చెక్కినానంటే ఈయమ్మ ఇంగ రాదని నేనే ఒప్పుకున్నట్ల గాదా?"

వాకిట్లో నిలబడ్డ ఢిల్లీవాళ్ళకు ఆ మాట ఎవరూ చెప్పలేదు. మామ ఎన్ని ఇళ్ళలో చీలలు ఇచ్చి వచ్చాడో నాకు తెలియదు. తిరిగి వచ్చింది మాత్రం ఇదొక్కటే.

"ఏడుపులు చాలుగానీ, పక్కకు జరగండప్పా, వెలుతురుకు అడ్డం" అంది అమ్మ. చీర కుచ్చిళ్ళు సర్దుకొని గుంటలోకి కాళ్ళు దించి, పలకల మీద మడమలు పెట్టుకుంది.